ఒక ఏటి వాన వేరు, ముప్ఫై ఏళ్ల వాతావరణం వేరు
వర్తక పాఠం: పసుపు, చెరకు వ్యాపారులకు

నిజామాబాద్: వానలు ఆలస్యమైతే "వాతావరణమే మారిపోయింది" అనడం, మరుసటి ఏడు చెరువులు నిండితే "అదంతా ఒట్టి మాట" అనడం మన మార్కెట్ యార్డులో మామూలే. రెండూ పొరపాటే. ఒక రోజు ధర చూసి సీజన్ మొత్తానికి సరుకు పట్టిన వ్యాపారి ఎలా దెబ్బతింటాడో, ఒక ఏటి వాన చూసి వాతావరణాన్ని అంచనా వేసినవారూ అలాగే దెబ్బతింటారు. పంట మీద పెట్టుబడి ఇచ్చేవారు, గోదాములో నిల్వ పెట్టేవారు, వాయిదా బేరాలు చేసేవారు ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

భూమి జమాఖర్చు

భూమికీ ఒక ఖాతా ఉంది. సూర్యుని నుంచి వచ్చే వేడి జమ. భూమి తిరిగి ఆకాశంలోకి పంపే వేడి ఖర్చు. రెండూ సరిపోయినంత కాలం ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్ బయటికి పోయే వేడిలో కొంత ఆపుతాయి. ఇవి బొత్తిగా లేకపోతే భూమి గడ్డకట్టుకు పోయేది. ఈ వాయువుల గుణాన్ని 1859లో జాన్ టిండాల్ ప్రయోగం చేసి చూపాడు. బొగ్గుపులుసు వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ లెక్క కట్టాడు. కనుక ఇది నిన్న మొన్నటి మాట కాదు.

యంత్రపరిశ్రమలు రాకముందు గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతం మీద చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు సుమారు 315. 2024 సగటు 424కు పైనే. జమ మామూలుగానే ఉంది, ఖర్చుకు అడ్డు పడింది. కాని ఈ మిగులు లాభం కాదు. అందులో 90 శాతం సముద్రాలలో వేడిగా నిల్వ పడుతోంది.

రుజువులు

పద్దు చూపితే వోచరు అడగడం వ్యాపార ధర్మం. ఇక్కడ వోచర్లు ఒకటి కాదు, నాలుగు ఉన్నాయి.

అంటార్కిటికా మంచు పొరల్లో చిక్కుకున్న గాలి బుడగలు 8 లక్షల ఏళ్ల లెక్క చెబుతున్నాయి. పారిశ్రామిక యుగానికి ముందు ఎన్నడూ ఈ వాయువు 300 పాళ్లను గట్టిగా మించలేదు. ఇది మొదటిది. గాలిలో కొత్తగా చేరిన కర్బనాన్ని పరీక్షిస్తే అది బొగ్గు, చమురుల నుంచి వచ్చినదేనని తేలుతోంది. ఇది రెండవది. సూర్యుడే కారణమైతే వాతావరణపు పై పొర కూడా వేడెక్కాలి. కింది గాలి వేడెక్కుతుండగా పై పొర చల్లబడుతోంది. ఇది మూడవది. ఇక థర్మామీటరు: 2024 ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటి కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది. మన దేశంలో 1901-2018 మధ్య పెరుగుదల సుమారు 0.7 డిగ్రీలని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక చెబుతోంది.

మొత్తం చూసి మోసపోవద్దు

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు. పట్టిన తేమ ఒక్కసారిగా కురిస్తే కుండపోత. మధ్య భారతంలో రోజుకు 15 సెంటీమీటర్లు మించిన వానలు 1950-2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయని అదే నివేదిక చెబుతోంది. మన జిల్లా ఆ ప్రాంతానికి ఆనుకునే ఉంది.

2023 ఖరీఫ్ గుర్తు చేసుకోండి. జులై 25 ఉదయానికి వేల్పూరులో ఒక్క రోజులో 46 సెంటీమీటర్లు కురిసింది. వేల్పూరు, ఆర్మూరు, బాల్కొండ మన పసుపుకు పట్టుకొమ్మలు. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తరువాత అతి పొడి ఆగస్టు. అయినా నాలుగు నెలల దేశ సగటు 94 శాతం! కాగితం మీద దాదాపు మామూలు ఏడు. మడిలో నీరు నిలిస్తే పసుపుకు దుంపకుళ్లు, ఆపైన ఎండితే దుంప ఊరదు. ఇవేవీ సగటు అంకెలో కనపడవు. ఆ ఒక్క వానకు వాతావరణ మార్పే కారణమని చెప్పలేం. అటువంటి వానలకు అవకాశం పెరుగుతోందని మాత్రం చెప్పగలం.

అన్నిటికీ ఒకే పద్దు వద్దు

ఇక్కడే జాగ్రత్త కావాలి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ సామర్థ్యం దాదాపు 30 టీఎంసీలు. పూడిక వల్ల 1970ల నాటికే 12కు పడిపోయింది. తరువాత మంజీర మీద ఎగువన సింగూరు వచ్చింది, హైదరాబాదు తాగునీటి అవసరాలు వచ్చాయి. బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఆ ఏడు ఎల్‌నినో కరువు ఉన్న మాట నిజమే గాని, 2002 ప్రయివేటీకరణ నుంచి నడచిన వ్యవహారాన్ని వాన ఖాతాలో రాయడం న్యాయం కాదు. చెరకు రైతులు వరికి మళ్లడానికి కొనేవాడు లేకపోవడమే పెద్ద కారణం. ఎల్‌నినో కూడా వచ్చిపోయే ఊపు. వేడెక్కడం మాత్రం ఆ ఊపు కింద పెరుగుతున్న మట్టం.

మిగతాచోట్ల చెరకు వ్యాపారం చేసేవారు మరొకటి గమనించాలి. చెరకు పక్వానికి వచ్చే వేళ రాత్రులు చల్లగా ఉంటేనే పాలలో చక్కెర పెరుగుతుంది. రాత్రులు వేడెక్కితే టన్నులు తగ్గకపోయినా రికవరీ తగ్గవచ్చు.

వ్యాపారికి సూత్రాలు

వాన మొత్తం కాదు, ఎన్ని రోజుల్లో కురిసిందో చూడండి. ఈ ఏటిని నిరుటితో కాక ముప్ఫై ఏళ్ల సగటుతో పోల్చండి. ధర కదిలితే వాన, సాగు విస్తీర్ణం, నిల్వలు, ఎగుమతులు వేరువేరు పద్దులుగా రాయండి. ఫిబ్రవరి నుంచి మే వరకు కళ్లాల్లోనూ యార్డులోనూ ఉండే సరుకుకు టార్పాలిన్, కప్పు, బీమా ఖర్చులు ముందే లెక్కలో పెట్టండి. పాత సగటును నమ్మి బేరం చేసే రోజులు పోతున్నాయి. కొత్త సగటు ఎటు జరుగుతున్నదో కనిపెట్టినవారికే నిలకడ.