తీగ సన్నం, ముప్పు ఘనం

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. అక్కడైనా, మన ఊళ్లలోనైనా ఒకప్పుడు రెండు బల్బులు, ఒక ఫ్యాన్ ఉన్న ఇళ్లలోకి ఇప్పుడు గీజర్లు, ఏసీలు వస్తున్నాయి. పాత ఇంటి గోడలో తీగ మాత్రం అలాగే ఉంటుంది. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

రాగి మంచి వాహకమే అయినా, ప్రవాహానికి కొంత నిరోధం చూపుతుంది. దానివల్ల తీగలో వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లవుతుంది. తీగ అడ్డుకోత వైశాల్యం పెరిగితే నిరోధం, వేడి రెండూ తగ్గుతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. 2,000 వాట్ల గీజర్ 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. 1,700 వాట్ల ఏసీకి సుమారు 7.4 కావాలి. రెండూ ఒకే లైనుపై నడిస్తే మొత్తం 16 ఆంపియర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో అప్పుడు ప్రతి మీటరుకూ దాదాపు 3 వాట్ల వేడి పుడుతుంది. 2.5 తీగలో అది 1.8 వాట్లకు తగ్గుతుంది.

గొట్టంలో వేసిన పీవీసీ తీగలకు 40 డిగ్రీల వేడిలో సురక్షిత పరిమితి 1.5కు సుమారు 14 ఆంపియర్లు, 2.5కు 19, 4కు 26. సాధారణ పీవీసీ పొర 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. అది దాటితే క్రమంగా పెళుసుబారి పగులుతుంది. ఎండకు కాగే స్లాబులో, ఒకే గొట్టంలో ఎక్కువ తీగలు కుక్కినచోట వేడి బయటికి పోదు. కాబట్టి పరిమితిని ఇంకా తగ్గించుకోవాలి.

లైట్లకు 1.5, గీజర్‌కూ ఏసీకీ విడివిడిగా 2.5 తీగలు వేయడం మంచిది. లైను మరీ పొడవైతే వోల్టేజీ పడిపోకుండా ఇంకా లావు తీగ అవసరం కావచ్చు.

ఎంసీబీ విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. మాటిమాటికీ పడిపోతోందని 10 ఆంపియర్ల ఎంసీబీ తీసి 32ది పెడతారు. తీగ మాత్రం పాతదే! ఇక అది కాగిపోతున్నా ఆపేవారుండరు. వాడే కరెంటు కంటే ఎంసీబీ పరిమితి తక్కువ కాకూడదు, తీగ పరిమితి కంటే ఎక్కువ కాకూడదు. ఎంసీబీ కాపాడేది ముందుగా తీగనే. తీగ క్షేమంగా ఉంటేనే ఇల్లు క్షేమంగా ఉంటుంది.