తలనొప్పి మాత్రే తలనొప్పికి కారణమైతే

తలనొప్పి రాగానే మందుల షాపులో మాత్ర కొని వేసుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఎప్పుడో ఒకసారి అయితే ఫర్వాలేదు. కానీ మైగ్రేన్ వంటి తలనొప్పి ఉన్నవారు వారానికి నాలుగైదు రోజులు నొప్పి మాత్రలు వాడితే, వాటివల్లే తలనొప్పి ఇంకా తరచుగా వస్తుంది. దీనినే మందుల అతివాడకపు తలనొప్పి అంటారు. ప్రపంచ జనాభాలో నూటికి ఒకరిద్దరికి ఇది ఉందని అంచనా. స్త్రీలలో ఎక్కువ.

ఎన్ని మాత్రలైతే అతివాడకం? అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018 వర్గీకరణ ప్రకారం పారాసిటమాల్ వంటివి నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు, కొడీన్ వంటివి, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు 10 రోజులు లేదా అంతకుమించి, మూడు నెలలకు పైగా వాడటం. దానితోపాటు నెలలో 15 రోజులైనా తలనొప్పి ఉండటం.

దీనివల్ల జీవితం ఎంత నష్టపోతుందో కొలవడానికి వైద్యులు మైడాస్ అనే ఐదు ప్రశ్నల పట్టిక వాడతారు. గడచిన మూడు నెలల్లో ఉద్యోగం లేదా చదువు, ఇంటిపని, కుటుంబంతో గడిపే సమయం తలనొప్పివల్ల ఎన్ని రోజులు దెబ్బతిన్నాయో లెక్కిస్తారు. మొత్తం 21 లేదా అంతకుమించితే తీవ్రమైన నష్టమే. ఇంటిపనిని కూడా లెక్కలోకి తీసుకోవడం ఇందులో ముఖ్యం. గృహిణికి సెలవు చీటీ ఉండదు కనుక ఆమె బాధ ఎక్కడా నమోదు కాదు. వంట చేయలేకపోయిన రోజు, బంధువుల పెళ్లికి వెళ్లలేకపోయిన రోజు కూడా నష్టమే. వీటికి దిగులు, నిద్రలేమి తోడవుతాయి.

మంచి మాట ఏమిటంటే, అతివాడకం మానితే చాలామందికి తలనొప్పి తగ్గుతుంది. అయితే మానిన తర్వాత 2 నుంచి 10 రోజులు నొప్పి, వికారం పెరగవచ్చు. ఇది తెలియక ఇంట్లోవాళ్లే జాలిపడి మళ్లీ మాత్ర ఇస్తారు. కొడీన్, ట్రమడాల్ వంటివి మాత్రం వైద్యుని పర్యవేక్షణలోనే తగ్గించాలి. హఠాత్తుగా వచ్చిన భరించలేని తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, చేయీకాలూ చచ్చుబడటం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దాతలకు ఒక మనవి. మన వైద్య శిబిరాల్లో మాత్రల స్ట్రిప్పు చేతిలో పెట్టేముందు, “నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు?” అని అడిగించండి. జవాబు పది దాటితే మాత్రలకు బదులు ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చి, తలనొప్పి వచ్చిన రోజూ మాత్ర వేసుకున్న రోజూ రాసుకోమని చెప్పి, వైద్యుని వద్దకు పంపాలి. కొన్నిసార్లు మాత్ర ఇవ్వకపోవడమే మనం చేయగల మేలు.