అప్పుడప్పుడు తప్పెడు బ్రేకు
పాత కార్లలో లోపమును కనుగొను విధము

గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు త్రోవ దిగువమెట్ట దాటిన పిమ్మట నల్లమల అడవిలో ప్రవేశించి, మలుపులు తిరుగుచు కొండనెక్కి దిగును. దోర్నాల నుండి శ్రీశైలమునకు పోవు సుమారు 50 కిలోమీటర్ల దారియు నట్టిదే. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల ప్రజలు ఆసుపత్రికైనను, పెండ్లికైనను, తీర్థయాత్రకైనను ఈ ఘాట్లమీదుగ ప్రయాణము చేయుచుందురు. రాత్రివేళ నొప్పులు పడుచున్న గర్భిణిని తీసికొనిపోవలసివచ్చినపుడు, ఊరిలో దొరకిన బండియే బండి. అది పాత జీపు కావచ్చును, పాత అంబాసిడరు కావచ్చును. అంబాసిడరు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినది. కావున నేడు తిరుగుచున్న ప్రతి అంబాసిడరును పదేండ్లు దాటినదేయని గ్రహింపవలెను.

ఇట్టి బండ్లకు ఒక మోసకరమైన జబ్బు గలదు. ఘాటు దిగుచుండగా బ్రేకు పెడలు హఠాత్తుగ నేలనంటును. డ్రైవరు ఎట్లో గేరుతోను, చేతి బ్రేకుతోను బండిని నిలుపును. అరగంట చల్లారిన పిమ్మట పెడలు మరల గట్టిపడును. మరునాడు షెడ్డులో మేస్త్రి తొక్కి చూచి, “బ్రేకు బాగుగనే యున్నది గదా!” అనును. యజమాని సంతోషించి మరల జనమునెక్కించుకొనును. పూర్తిగ చెడిన బ్రేకుగల బండిని ఎవరును నడుపరు. అప్పుడప్పుడు మాత్రమే తప్పెడు బ్రేకును అందరును నమ్ముదురు. అపాయమంతయు ఆ నమ్మకమునందే యున్నది.

బ్రేకు పనిచేయు తీరు

ద్రవమునకు ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్నివైపులకును సమానముగ వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ తెలిపెను. కారు బ్రేకునకు ఈ సూత్రమే ఆధారము. పెడలు తొక్కగనే మాస్టరు సిలిండరులోని రబ్బరు కప్పు బ్రేకు ఆయిలును గొట్టములలోనికి నెట్టును. ఆ ఒత్తిడి చక్రముల చెంతనున్న చిన్న సిలిండరులకు చేరి, బ్రేకు షూలను డ్రమ్మునకు అదిమిపెట్టును. పాత బండ్లలో పెక్కింటికి నాలుగు చక్రములకును ఆయిలు మార్గమొక్కటే. ఒకచోట కారినను నాలుగు చక్రముల బ్రేకులును పోవును.

బండిని నిలుపుటయనగా దాని వేగమును వేడిమిగ మార్చుట. మనుష్యులతోను, సామానుతోను 1,500 కిలోల బరువుగల కారు 100 మీటర్ల ఎత్తునుండి కేవలము బ్రేకుమీదనే దిగినచో, పుట్టెడు వేడిమి సుమారు 5 లీటర్ల నీటిని మరిగింపజాలును. ఆ వేడిమియంతయు డ్రమ్ములే భరింపవలెను. షెడ్డులో నిలిచియున్న బండికి ఈ వేడిమి లేదు. కనుకనే జబ్బు అచ్చట బయటపడదు.

లక్షణమును బట్టి కారణము

1. ఘాటులో పెడలు మెత్తబడి నేలకంటి, చల్లారిన తరువాత బాగగుట: బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 3 రకపు క్రొత్త ఆయిలు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగదు. తేమ పట్టిన పిమ్మట ఈ హద్దు 140 డిగ్రీలకు దిగవచ్చును. మరిగిన ఆయిలులో ఆవిరి పుట్టును. ఆవిరి అణగునుగాని ఒత్తిడిని చక్రమునకు అందింపదు. చల్లారగనే ఆవిరి మరల ద్రవమగును, సాక్ష్యము మాయమగును.

2. పెడలు గట్టిగనేయున్నను బండి నిలువకుండుట, కాలిన వాసన వచ్చుట: ఇది ఆయిలు దోషము కాదు. లైనింగు మితిమీరి వేడెక్కి పట్టు కోల్పోయినది.

3. పెడలుపై కాలు నిలిపియుంచగా మెల్లగా క్రిందికి దిగుట, ఆయిలు ఎచ్చటను కారకుండుట: మాస్టరు సిలిండరులోని కప్పు అరిగినది. ఆయిలు కప్పును దాటి వెనుకకు పోవుచున్నది. త్వరగా తొక్కినపుడు పట్టి, నెమ్మదిగ తొక్కినపుడు జారుట దీని గుర్తు.

4. రెండు మూడుసార్లు తొక్కినగాని బ్రేకు అందకుండుట: గొట్టములలో గాలి చేరియుండును, లేదా షూలు అరిగి డ్రమ్మునకు దూరమైయుండును.

5. కొంతదూరము పోయిన తరువాత బ్రేకు తనంతతానే పట్టుకొనుట: మాస్టరు సిలిండరులో ఆయిలు వెనుకకు వచ్చు సన్నని రంధ్రము మూసుకొనియుండవచ్చును. పెడలునకు పైభాగమున ఉండవలసిన కొద్దిపాటి ఖాళీ లేకపోయినను ఇట్లే జరుగును. రబ్బరు హోసు లోపల ఉబ్బినచో, ఆయిలు పోవునుగాని వెంటనే తిరిగిరాదు.

6. బండి ఒక ప్రక్కకు లాగుట: ఒక చక్రపు సిలిండరు బిగుసుకొనియుండును, లేదా లైనింగుకు నూనె అంటియుండును. వాగు దాటిన వెంటనే లాగినచో డ్రమ్ములో నీరు చేరినదని తలంపవచ్చును. పెడలును మెల్లగ నొక్కుచు కొంతదూరము నడిపిన అది ఆరిపోవును. ఆరిన తరువాతను లాగుచున్నచో వేరు కారణము వెదకవలెను.

పరీక్షించు క్రమము

మొదట చేయవలసినది స్పానరు పట్టుట కాదు, కాగితము పట్టుట. బ్రేకు తప్పిన ప్రతిసారియు డ్రైవరు ఈ విషయములను వ్రాసి యుంచవలెను. ఎంతదూరము నడచిన తరువాత తప్పినది? ఎత్తులోనా, దిగుడులోనా, చదునులోనా? ఎండా, వానా? పెడలు మెత్తగనుండెనా, గట్టిగనుండెనా? ఏ ప్రక్కకు లాగెను? ఎంతసేపటికి బాగాయెను? వైద్యునకు రోగి చెప్పు మాటలెట్టివో, మేస్త్రికి ఈ కాగితమట్టిది.

తరువాత బండిని చదునైనచోట నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టి, పెడలును ఒక నిమిషము గట్టిగ తొక్కిపట్టవలెను. దిగినచో ఆయిలు మట్టమును, ప్రతి కీలును, చక్రముల లోపలి ప్రక్కలను చూడవలెను. తడి ఎచ్చటను లేనిచో మాస్టరు సిలిండరునే అనుమానింపవలెను. బూస్టరు ఉన్న బండియైనచో, ఇంజను ఆపి పెడలును నాలుగైదుమార్లు తొక్కి, తొక్కిపట్టియే ఇంజను నడుపవలెను. పెడలు కొంచెము దిగినచో బూస్టరు పనిచేయుచున్నట్లే.

బ్రేకు తనంతతానే పట్టుకొను బండిని, పట్టుకొనియున్న సమయముననే పరీక్షింపవలెను. జాకీతో చక్రమునెత్తి, మాస్టరు సిలిండరు వద్ద గొట్టపు కీలును కొంచెము వదులు చేయవలెను. అప్పుడు చక్రము తిరిగినచో దోషము మాస్టరు సిలిండరుదే. అచ్చట వదలక, చక్రమువద్దనున్న నిప్పిలును వదులు చేసినపుడు మాత్రమే తిరిగినచో దోషము మధ్యనున్న హోసుది. రెండింటికిని తిరుగనిచో షూలు, స్ప్రింగులు, సిలిండరు బిగుసుకొనినవని తెలియవలెను. ఒక్కొక్కసారి ఒక్క భాగమునే మార్చి చూడవలెను. అన్నియు ఒకేసారి మార్చినచో అసలు కారణమేదో తెలియకయే పోవును.

బాగుచేసిన పిమ్మట జనములేని చదునుబాటలో, మనుష్యులనెక్కించుకొనక, తక్కువ వేగమున పరీక్షింపవలెను. తొలి పరీక్షకు ఘాటు తగినచోటు కాదు.

చేయరానివి

బ్రేకు ఆయిలునకు బదులు ఇంజను ఆయిలు పోయరాదు. రబ్బరు కప్పులను కిరోసినుతో కడుగరాదు. ఈ రెండింటివలనను రబ్బరు ఉబ్బి చెడును. చాలకాలము మూత తెరచియుంచిన డబ్బాలోని ఆయిలును వాడరాదు. కొన్ని పాత నమూనాలలో ఆయిలు పోయు మూత డ్రైవరు కాళ్ల క్రింద నుండును. చుట్టునున్న దుమ్మును తుడిచిన తరువాతనే దానిని తీయవలెను. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండుటకు అవకాశము గలదు గనుక డ్రమ్ములోని పొడిని నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తీయవలెను. పెట్రోలు ఆదాయని ఘాటులో గేరు తీసి బండిని జారవిడువరాదు. చిన్న గేరులో దిగినచో ఇంజనే సగము బ్రేకుగ పనిచేయును. పెడలు నేలకంటినచో త్వరత్వరగ పలుమార్లు తొక్కుచు, గేరు తగ్గించి, చేతి బ్రేకును క్రమముగ లాగుచు, లోయవైపుకు కాక కొండవైపుకు బండిని మరల్చవలెను. బండి పరుగెత్తుచుండగా తాళము తీయరాదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

సొంత కారునకు 15 సంవత్సరములు నిండిన పిమ్మట, తనిఖీ చేయించి 5 సంవత్సరములకొకమారు రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. ఆ తనిఖీ అవసరమే. అయితే తనిఖీనాడు బాగుగనున్న బ్రేకు ఘాటులో తప్పదని ఏ పత్రమును హామీ ఇవ్వజాలదు. కావున గ్రామ సభలో ఈ విషయమును ప్రస్తావించుడు. ఊరిలో జనమునెక్కించుకొను ప్రతి పాత బండికిని ఒక నోటుపుస్తకము పెట్టించుడు. బ్రేకు ఆయిలు మార్చిన తేదీని అందు వ్రాయించుడు. రెండేండ్లకొకమారైనను ఆయిలును పూర్తిగ మార్చుట మంచిది. శివరాత్రికి శ్రీశైలము పోవు బండ్లను బయలుదేరుటకు ముందే చూపించుకొనుడని యజమానులకు చెప్పుడు.

“నిన్న ఒక్కసారి తప్పినది, నేడు బాగుగనే యున్నది” అను మాట మీ చెవిని పడినచో, ఆ బండిని ఆనాడు ఘాటెక్కనీయకుడు. ఒక దినపు బాడుగ పోయిన మరునాడు వచ్చును. లోయలో పడిన ప్రాణము తిరిగి రాదు.