యౌవనుడు తన చోటు కోరుకొనుట

పాఠ్యభాగము: ఆదికాండము 13:1–18



అబ్రాము పెద్దవాడై యుండియు, ముందుగా కోరుకొను హక్కును తన సహోదరుని కుమారుడైన లోతున కిచ్చెను. లోతు నీటి వసతిగల యొర్దాను ప్రాంతమును చూచి మోజుపడెను. గడ్డి ఎట్లున్నదో చూచెను గాని ఇరుగుపొరుగువారు ఎట్టివారో విచారింపలేదు. అతని గుడారము మెల్లగా సొదొమ వైపునకు జరిగెను. కోరుకొన్నది ఒక్క దినమున. దాని ఫలము ఇంటిల్లిపాదియు అనుభవించిరి.

నేడు అమెరికా దేశములో 17, 18 ఏండ్ల పిల్లలనేకులు ఇట్టి ఎంపిక యెదుట నిలుచుచున్నారు. అక్కడ ఫుట్‌బాల్ అనగా మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. కోడిగ్రుడ్డువంటి బంతిని చేతబట్టి పరుగెత్తుచు, జట్టుకు 11 మంది చొప్పున ఒకరినొకరు పడద్రోసికొను మోటు ఆట. హైస్కూలు ముగించి మూడేండ్లు గడువనిదే, జీతమునకు ఆడు పెద్ద జట్లు ఎవరినీ చేర్చుకొనవు. గనుక నేర్పరియైన పిల్లవాడు మొదట కళాశాల జట్టునకే పోవును. పెద్ద కళాశాలలు చదువు, బస, భోజనము ఉచితముగా నిచ్చెదమని పిలుచును. 2021 జూలై మొదలు ఆటగాడు తన పేరును, బొమ్మను వ్యాపారులకు వాడుకొననిచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చును. 2025 జూలై మొదలు కళాశాలలే నేరుగా సొమ్ము చెల్లింపవచ్చును. పేదయింటి బిడ్డకు ఇది చిన్న మాట కాదు. తల్లిదండ్రుల భారము తగ్గించవలెనను కోరికను మనము లోభమని పిలువరాదు.

ట్రావిస్ హంటర్ అను యౌవనుని సంగతి చూతము. ఆ యేటి పిల్లలలో ఇతడే మొదటివాడని ఆట తెలిసినవారనేకులు ఎంచిరి. ఫ్లోరిడా స్టేట్ అను పేరుగల విశ్వవిద్యాలయమునకు వచ్చెదనని ఇతడు మాట యిచ్చియుండెను. అయితే 2021 డిసెంబరు 15న, అందరును ఆశ్చర్యపడునట్లు, మిస్సిసిపీ రాష్ట్రములోని జాక్సన్ స్టేట్‌నకు సంతకము చేసెను. ఇది ఆటలో క్రింది శ్రేణికి చెందిన నల్లజాతివారి విద్యాలయము. నల్లజాతి క్రైస్తవ నాయకులను సిద్ధపరచుటకు 1877లో అమెరికను బాప్టిస్టు స్వదేశ మిషనువారు దీనిని స్థాపించిరి. మన ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారు కరవు బాధితులకు కాలువ పని కల్పించిన దినములే అవి.

హంటర్ అక్కడికి పోవుటకు ముఖ్య కారణము శిక్షకుడు డియాన్ శాండర్స్. ఒక్క ఆటకాలము గడిచిన పిమ్మట, 2022 డిసెంబరులో ఆ శిక్షకుడు కొలరాడో విశ్వవిద్యాలయమునకు వెళ్లిపోయెను. హంటర్‌ను ఆయన వెంట వెళ్లెను. 2024లో కళాశాల ఆటగాండ్రకిచ్చు గొప్ప బహుమానమైన హైస్‌మన్ ట్రోఫీని పొందెను. 2025లో జాక్సన్‌విల్ జట్టు అతనిని రెండవవానిగా ఎన్నుకొనెను.

అతనికి మేలే కలిగెను. మనము తీర్పరులము కాము. అయితే శిక్షకుడు వెళ్లినప్పుడు వెంట పిలువబడని పిల్లల మాటేమి? మనుష్యుని చూచి చోటు కోరుకొన్నయెడల, ఆ మనుష్యుడు కదలినప్పుడు చోటును కదలును. కళాశాలలో ఆడు నూరుమందిలో ఇద్దరైనను జీతపు జట్లకు చేరరని అక్కడి క్రీడాసంఘము లెక్క. తక్కినవారికి మిగులునది వారు నేర్చిన చదువు, అలవరచుకొనిన నడవడి, సంపాదించుకొనిన స్నేహితులు మాత్రమే.

మన పల్లెల బిడ్డలును పట్టణపు కళాశాలలకు, హాస్టళ్లకు పోవుచున్నారు. మేడలను, గోడమీద అంటించిన ర్యాంకుల బొమ్మలను చూచి మనము మోసపోరాదు. బిడ్డను పంపకమునుపు ఇంటిలో అందరు కూర్చుండి ఈ ప్రశ్నలు వేసికొందము:

1. పేరుగల ఆ ఉపాధ్యాయుడు రేపు వెళ్లిపోయినను ఈ చోటు మంచిదేనా?

2. కాలు విరిగినను, మార్కులు తగ్గినను ఇచ్చటివారు మన బిడ్డను ఆదరింతురా?

3. అక్కడ వానికి తోడుగా నుండువారు ఎట్టివారు?

4. ఈ కోరిక బిడ్డదా, మన గొప్పకొరకు మనము కోరినదా?

లోతు వెళ్లిన పిమ్మట అబ్రామునకు మిగిలినది మెట్టభూమియే. అయినను అచ్చటనే దేవుడు అతనితో మాటలాడెను. అచ్చటనే అతడు బలిపీఠము కట్టెను. మన బిడ్డలు ఎక్కడికి పోయినను, బలిపీఠమునకు తావున్న చోటునే కోరుకొనునట్లు వారికి నేర్పుదము.