పార్కు టికెట్టు వేరు, ప్రదర్శన సీటు వేరు

దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు ముగిసిన ప్రతిసారీ అనంతపురం న్యాయవాదుల వద్దకు దాదాపు ఒకే మూసలో ఉన్న ఫిర్యాదులు వస్తున్నాయి. వినోద పార్కులో పండుగకు ప్రత్యేకంగా ఏర్పాటు చేసే ప్రదర్శనకు సీట్లు ఇప్పిస్తామని ట్రావెల్స్ ఏజెంటో, బుకింగ్ యాప్‌లో అమ్మకందారో డబ్బు తీసుకోవడం, కుటుంబం తీరా అక్కడికి చేరాక పార్కులోకి ప్రవేశం దొరికినా వేదిక వద్ద ‘సీట్లు నిండిపోయాయి’ అన్న మాట వినవలసి రావడం, తిరిగి వచ్చి నిలదీస్తే ‘టికెట్టు ఇచ్చాం కదా’ అని అమ్మినవారు చేతులు దులుపుకోవడం ఈ ఫిర్యాదులన్నిటిలోనూ కనిపించే వరుస. వీటిలో అధికభాగం నీరుగారిపోతున్నది చట్టం బలహీనంగా ఉన్నందువల్ల కాదు. డబ్బు కట్టినవారు తాము కొన్నదేమిటో కాగితం మీద చూసుకోనందువల్ల.

ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన పడే ఈ మెట్ట పీఠభూమిలో వేరుశనగ చేతికొచ్చే కాలమూ దసరా, దీపావళి సెలవులూ ఇంచుమించు కలిసి వస్తాయి గనుక, పిల్లలకు మాట ఇచ్చిన విహారయాత్రకు ఆ డబ్బులోంచే కొంత తీసిపెట్టే కుటుంబాలు పల్లెల్లో చాలా ఉన్నాయి. పెద్ద వినోద పార్కు చూడాలంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి వెళ్లి, బెంగళూరు దాటి, మైసూరు రోడ్డులో బిడది దగ్గర 2005లో మొదలైన వండర్‌లాకైనా చేరాలి, లేదా ఉత్తరానికి అంతకంటే దూరం ప్రయాణించి హైదరాబాదు శివార్లలో 1996లో నెలకొన్న రామోజీ ఫిల్మ్ సిటీకైనా చేరాలి. ఈ రెండు పేర్లూ ఇక్కడివారు ఎక్కువగా వెళ్లే చోట్లు గనుక ప్రస్తావించినవే తప్ప, కింద చర్చించే ఫిర్యాదులతో వాటికి సంబంధం లేదు. రాత్రి బస్సెక్కి వెళ్లి మరునాటి రాత్రి బస్సులోనే తిరిగి రావలసిన కుటుంబానికి ‘రేపు రండి, చూపిస్తాం’ అన్న ఊరడింపు ఎందుకూ కొరగాదన్న సంగతిని అటు నిర్వాహకులు గానీ, ఇటు ఏజెంట్లు గానీ పట్టించుకోవడం లేదు.

చట్టం దృష్టిలో టికెట్టు ఒక ఒప్పందం. పార్కు ప్రవేశ టికెట్టు కొన్నవారికి ఆ రోజు ఆ ఆవరణలోకి వెళ్లి, అందులో పేర్కొన్న సౌకర్యాలను వాడుకునే అనుమతి లభిస్తుంది. ఒక నిర్దిష్ట ప్రదర్శనలో ఒక నిర్దిష్ట వేళకు కూర్చునే హక్కు దానంతటదే సంక్రమించదు. ఆ హక్కు కావాలంటే దానిని విడిగా అమ్మి ఉండాలి, అమ్మినట్లు ఆధారం ఉండాలి. అలా అమ్మిన సీటు ఇవ్వకపోతే అది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ‘సేవాలోపం’, అంటే ఒప్పుకున్న సేవను ఒప్పుకున్న తీరులో, ఒప్పుకున్న ప్రమాణంలో అందించకపోవడం. లేని సీటును ఉన్నట్లు ప్రచారం చేసి అమ్మడం ‘అనుచిత వ్యాపార విధానం’, అంటే గిరాకీ పెంచుకోవడం కోసం మోసపూరితమైన మాటలను, పద్ధతులను వాడుకోవడం. ఈ రెండూ బలమైన ఆయుధాలే అయినా, ప్రదర్శన సీటు అమ్మారని చూపించే ఆధారం లేనప్పుడు రెండూ పనిచేయవు.

ఇటీవల కళ్యాణదుర్గం వైపు నుంచి న్యాయసలహాకు వచ్చిన ఒక వ్యవహారంలో ఈ ఉచ్చు పూర్తి రూపంలో కనిపిస్తుంది. నలుగురు సభ్యుల కుటుంబానికి ఏజెంటు బస్సు, ప్రవేశం, సాయంత్రపు పండుగ ప్రదర్శన కలిపి ఒకే మొత్తం చెప్పి, ఆ డబ్బును సంస్థ ఖాతాకు గాక తన సొంత ఫోను నంబరుకు పంపించుకున్నాడు. బదులుగా అందినవి ప్రదర్శన బొమ్మతో ఉన్న ఒక రంగుల ప్రకటన, ‘ముందు వరుసలో కూర్చోబెడతాం’ అని చెప్పిన ఒక వాయిస్ మెసేజి మాత్రమే. పార్కు గేటు వద్ద చేతికి కట్టిన కాగితపు పట్టీ మీద తేదీ, సంకేత సంఖ్య ఉన్నాయి గానీ ప్రదర్శన పేరు లేదు. ప్రవేశ టికెట్టు వెనకవైపు చీమకాళ్లంత అక్షరాల్లో ‘ప్రదర్శనలు సీట్ల లభ్యతకు లోబడి ఉంటాయి’ అన్న వాక్యం ఉంది. వేదిక తలుపులు ముందుగానే మూసేశారు. తిరుగు ప్రయాణంలో పిల్లలు పట్టీలను తెంపి బస్సు కిటికీలోంచి పారేశారు, వారం తిరగకుండానే ఫోనులో మెసేజిలు వాటంతటవే చెరిగిపోయే అమరిక వల్ల ఆ వాయిస్ మెసేజీ మాయమైంది. నోటీసుకు ఏజెంటు ఇచ్చిన జవాబు ఒక్క వాక్యంలో ఉంది: తాను అమ్మింది బస్సు ప్రయాణమూ, పార్కు ప్రవేశమూ మాత్రమే.

ఆ జవాబు అబద్ధమే కావచ్చు, కానీ దానిని అబద్ధమని రుజువు చేయవలసిన భారం ఫిర్యాదుదారు మీద ఉంటుంది. అదే బస్సులో వెళ్లిన మరో కుటుంబం ఫోనులో ఆ రంగుల ప్రకటనా, ధర వివరాలూ చెక్కుచెదరకుండా ఉండబట్టి ఈ ఫిర్యాదుకు ప్రాణం నిలిచింది. లేకుంటే ఏ న్యాయవాది చేతిలోనైనా ఇది నిలబడేది కాదు. డబ్బు పంపిన రోజున ఒక్క నిమిషం వెచ్చించి ‘ఫలానా తేదీ, ఫలానా వేళ, ఫలానా ప్రదర్శనకు నాలుగు సీట్లకు డబ్బు ముట్టింది’ అని రాయించుకుని ఉంటే ఇంత శ్రమ అవసరమయ్యేదే కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా కక్షిదారులు ‘తెలిసినవాడే కదా’ అనే అంటున్నారు. తెలిసినవాడు కావడం రసీదుకు బదులు కాదు.

కాబట్టి డబ్బు చేతులు మారకముందే టికెట్టు మీద గానీ, రసీదు మీద గానీ ప్రదర్శన పేరు, తేదీ, వేళ, సీట్ల సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. అవి లేకపోతే కొన్నది ప్రదర్శన సీటు కాదు, గేటు దాటే అనుమతి మాత్రమే. యాప్‌లో కొన్నప్పుడు బుకింగ్ ఖరారైన సందేశంతోపాటు, కొనే ముందు తెర మీద కనిపించిన వివరణనూ, షరతుల పుటనూ భద్రపరచుకోవాలి, ఎందుకంటే వివాదం వచ్చాక ఆ వివరణ మారిపోవడం సాధారణం. వేదిక వద్ద తిప్పి పంపినప్పుడు టికెట్టునూ, చేతి పట్టీనీ అక్కడ అప్పగించకూడదు, పారేయకూడదు. సీటు ఇవ్వలేకపోయినట్లు అక్కడి సహాయ కేంద్రంలో రాసి ఇమ్మని అడగాలి, వారు నిరాకరిస్తే ఆ క్షణంలోనే పార్కు అధికారిక ఈమెయిలుకు జరిగినది రాసి పంపాలి. అప్పటికప్పుడు, వేళతో సహా నమోదైన అలాంటి ఫిర్యాదుకు ఉన్న విలువ నెలల తర్వాత రాసిన పది పేజీల అఫిడవిట్‌కు ఉండదు. వినియోగదారుల కమిషన్లలో సాక్ష్యాధారాల చట్టం పూర్తి కఠినత్వంతో వర్తించకపోయినా, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ ఆధారాలకు ధ్రువపత్రం జతచేయాలని కోరుతున్నందున, మెసేజిలు ఉన్న అసలు ఫోనును మార్చేయకుండా, అమ్మేయకుండా ఉంచుకోవడం శ్రేయస్కరం.

‘ఒకసారి కొన్న టికెట్టుకు డబ్బు వాపసు లేదు’ అన్న షరతు చూసి చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. కొన్నవారు తమంతట తాము రాకుండా మానుకున్న సందర్భానికి ఆ షరతు కొంతవరకు వర్తించవచ్చు గానీ, అమ్మినవారే సేవ అందించలేకపోయినప్పుడు అది వారికి రక్షణ కవచం కాజాలదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘అనుచిత ఒప్పందం’, అంటే వినియోగదారు హక్కులను ఏకపక్షంగా దెబ్బతీసే షరతులున్న ఒప్పందం, అనే కారణంతో షరతునే రద్దు చేయమని కోరే ఫిర్యాదును 2019 చట్టం రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు అప్పగించింది. జిల్లా కమిషన్‌లో వేసే ఫిర్యాదును ఆ మాటతో నింపితే ఎదుటి పక్షం విచారణాధికారం లేదన్న అభ్యంతరంతో కాలం సాగదీస్తుంది. సేవాలోపం, అనుచిత వ్యాపార విధానం అన్న కారణాల మీదే ఫిర్యాదును నిలిపితే ఆ చిక్కు ఉండదు.

షరతుల చివర ‘వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల పరిధిలోనే’ అనో, ‘హైదరాబాదు కోర్టుల పరిధిలోనే’ అనో ఉండే వాక్యం కరువు సీమ కుటుంబాన్ని బెదరగొట్టడానికి సరిపోతోంది. 1986 నాటి పాత చట్టం కింద ఈ భయానికి కొంత ఆధారం ఉండేది. ఎదుటి పక్షానికి ఎక్కడో ఒక శాఖ ఉన్నంత మాత్రాన అక్కడ ఫిర్యాదు వేయడం కుదరదని, వ్యాజ్య కారణం అక్కడ తలెత్తి ఉండాలని సుప్రీంకోర్టు 2009లో సోనిక్ సర్జికల్ కేసులో తీర్పునిచ్చింది. 2019 చట్టం 34వ సెక్షన్ ఆ పరిస్థితిని మార్చి, ఫిర్యాదుదారు నివసించే చోట గానీ, పనిచేసే చోట గానీ ఉన్న జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసుకునే హక్కు ఇచ్చింది. అందువల్ల పార్కు కర్ణాటకలో ఉన్నా, తెలంగాణలో ఉన్నా, ఉరవకొండ రైతు అనంతపురంలోనే ఫిర్యాదు వేయవచ్చు. మధ్యవర్తిత్వానికే వెళ్లాలన్న షరతు కూడా ఇందుకు అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము కూడా లేదు.

యాప్‌ల ద్వారా అమ్మే సంస్థలు తాము మధ్యవర్తులం మాత్రమేనని చెప్పి తప్పుకోవడం మరో అలవాటు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అలాంటి సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించాలి, ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలియజేసి నెలలోగా పరిష్కరించాలి. ‘ఇంకా రెండు సీట్లే మిగిలాయి’ అని లేని తొందర పుట్టించడం, అడగని బీమానో విరాళాన్నో బిల్లులో చాటుగా చేర్చడం వంటివి 2023 నవంబరు 30న జారీ అయిన మార్గదర్శకాలు నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో ఉన్నాయి. కాబట్టి ఫిర్యాదులో పార్కునూ, ఏజెంటునూ, యాప్‌నూ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చడమే క్షేమం. రద్దీ వేళ యూపీఐలో డబ్బు ఖాతాలోంచి పోయి, అమ్మకందారుకు మాత్రం చెల్లింపు నిర్ధారణ చేరని సందర్భం దీనికి భిన్నమైనది. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం ఆ మొత్తం లావాదేవీ తర్వాత 5 రోజుల్లోగా తనంతట తానే ఖాతాకు తిరిగి రావాలి, ఆ తర్వాత ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ బ్యాంకు 100 రూపాయలు చెల్లించాలి.

నకిలీ టికెట్టు అంటగట్టినప్పుడు అది సేవాలోపం కాదు, నేరం. అలాంటప్పుడు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోను చేయాలి. ‘ఇది బెంగళూరులో జరిగింది, అక్కడికే వెళ్లండి’ అని తిప్పి పంపే పోలీసు సిబ్బంది ఇప్పటికీ ఉండటం సహించరానిది; భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు, దానిని నమోదు చేయకుండా నిరాకరించే అధికారం ఆ సిబ్బందికి లేదు.

ఎంత పరిహారం వస్తుందన్న ప్రశ్నకు అతి ఆశలు లేకుండా జవాబు చెప్పుకోవాలి. సినిమాకు ముందు ప్రకటనలతో దాదాపు 25 నిమిషాలు వృథా చేసినందుకు 2025 ఫిబ్రవరిలో బెంగళూరులోని ఒక వినియోగదారుల కమిషన్ ప్రేక్షకుడికి మనోవేదన కింద 20 వేలు, ఖర్చుల కింద 8 వేలు ఇవ్వాలని, సంక్షేమ నిధికి లక్ష రూపాయలు కట్టాలని ఒక మల్టీప్లెక్స్ సంస్థను ఆదేశించగా, కొద్ది వారాల్లోనే కర్ణాటక హైకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. ప్రేక్షకుడి కాలానికి విలువ కట్టాలన్న ఆలోచన కమిషన్లలో బలపడుతున్నా, పై కోర్టులు అన్నిటినీ ఆమోదిస్తాయన్న భరోసా లేదు. టికెట్టు ధరతోపాటు ప్రయాణ ఖర్చును రసీదులతో చూపించగలిగినవారికే మెరుగైన ఫలితం దక్కే అవకాశముంది. ఉచిత పాసు మీద వెళ్లినవారు ప్రతిఫలం చెల్లించలేదు గనుక సాధారణంగా వినియోగదారులుగా లెక్కకు రారు. తండ్రి కొన్న టికెట్టుతో వెళ్లిన బిడ్డ మాత్రం లబ్ధిదారుగా వినియోగదారే. ఒకే బస్సులో వెళ్లి ఒకే మోసానికి గురైన కొన్ని కుటుంబాలు కలిసి ఉమ్మడి ఫిర్యాదు వేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2021 నాటి బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ తీర్పు స్పష్టం చేస్తున్నది. కళ్యాణదుర్గం వ్యవహారంలోనూ ఇప్పుడు అనుసరిస్తున్నది ఈ దారినే. ఒకరి ఆధారం మరొకరి లోటును పూడుస్తుంది.

చివరగా గడువు సంగతి. వ్యాజ్య కారణం తలెత్తిన తేదీ నుంచి, అంటే సీటు నిరాకరించిన రోజు నుంచి, రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. ఏజెంటు ‘వచ్చే పండుగకు చూపిస్తా’ అంటూ వాయిదాలు వేసినందువల్ల గానీ, నోటీసు మీద నోటీసు పంపినందువల్ల గానీ ఆ గడువు పెరగదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయడం మంచిదే గానీ అది ఫిర్యాదు దాఖలు చేయడంతో సమానం కాదు, అక్కడ గడిచిన రోజులు కూడా గడువులో భాగమే. గత రెండు దసరాల్లో ఇలా నష్టపోయినవారు, చేతిలో మిగిలిన ఆధారం ఎంత చిన్నదైనా, దానిని తీసుకుని గడువు దాటకముందే అనంతపురం జిల్లా కమిషన్‌కు రావాలి.