ఓజోను పొరకు చిల్లు

ఎండ లేకపోతే పంట పండదు. వడియాలు ఎండవు. కానీ ఎండలో మన కంటికి కనబడని కిరణాలు కూడా ఉంటాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. పేరు పలకడం కొంచెం కష్టమే. అవి ఎక్కువగా తగిలితే చర్మానికి క్యాన్సర్ రావచ్చు. కంట్లో శుక్లాలు రావచ్చు. పైర్లు కూడా దెబ్బతింటాయి.

ఈ కిరణాలను చాలావరకు పైనే ఆపేది ఓజోను. అది ఒక వాయువు. నేలకు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున ఎక్కువగా ఉంటుంది. ప్రయాణికులు ఎక్కే మామూలు విమానాలు కూడా అంత ఎత్తుకు పోవు. అదేదో దట్టమైన పొర అనుకునేరు! ఆ ఓజోనునంతా నేల మీదికి దించి పరిస్తే మందం 3 మిల్లీమీటర్లే. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత.

భూమికి దక్షిణపు కొసన అంటార్కిటికా ఉంది. అంతా మంచే. ఊళ్ళు లేవు. అక్కడ హాలీ బే అనే చోట బ్రిటన్ వాళ్ళు పరిశోధన కేంద్రం పెట్టారు. 1957 నుంచి ఒక పరికరంతో పైనున్న ఓజోనును కొలుస్తూ వచ్చారు. ఏటేటా కొలవడం, అంకెలు రాసుకోవడం. చూసేవాళ్ళకు విసుగు పుట్టే పని.

1970ల చివరి నుంచి ఆ అంకెలు తగ్గసాగాయి. అదీ అక్టోబరు నెలలో. పరికరం చెడిందేమో అనుకున్నారు. కొత్తది తెప్పించి చూశారు. అదీ అదే మాట చెప్పింది. 1984 నాటికి 3 మిల్లీమీటర్లు ఉండేది సుమారు 2కి దిగింది. జో ఫార్మన్, బ్రయాన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అనే ముగ్గురు 1985 మే నెలలో ఈ సంగతి లోకానికి చెప్పారు.

అమెరికా ఉపగ్రహం కూడా పైనుంచి ఓజోనును కొలుస్తూనే ఉంది. అంత తక్కువ అంకెలు వస్తే తప్పేమోనని వాటిని విడిగా గుర్తు పెట్టారు. తర్వాత సరిచూస్తే నిజమేనని తేలింది. చిల్లు ఎంత పెద్దదో కూడా తెలిసింది. 2006లో అది మన దేశం లాంటివి ఎనిమిది పట్టేంత ఉంది.

చిల్లు అంటే కుండకు పడ్డ చిల్లు లాంటిది కాదు. పాత చీర ఒకచోట నలిగి పలచబడితే అవతలిది కనబడుతుంది కదా, అలాంటిది.

ఎందుకు పలచబడింది? ఫ్రిజ్జుల్లోనూ, నొక్కితే సెంటు చిమ్మే డబ్బాల్లోనూ సీఎఫ్‌సీ అనే వాయువులు వాడేవారు. అవి పైకి పోయి ఓజోనును తినేస్తాయని రోలండ్, మొలీనా అనే శాస్త్రజ్ఞులు 1974లోనే హెచ్చరించారు. అయితే ఆ వాయువులు ఎక్కువగా వదిలింది ఉత్తరాది దేశాలు. చిల్లు పడింది దక్షిణపు కొసన. ఇదేం చోద్యం?

దీని గుట్టు విప్పినవారిలో సుసాన్ సోలొమన్ అనే మహిళ ముఖ్యురాలు. 1986లో, ముప్ఫై ఏళ్ళ వయసులో, ఆమె ఒక బృందాన్ని వెంటబెట్టుకుని అంటార్కిటికా వెళ్ళింది. అక్కడ చలికాలంలో వారాలు, నెలల తరబడి సూర్యుడు పొడవడు. పైన విపరీతమైన చలికి మంచు మబ్బులు కడతాయి. ఆ మబ్బుల మీద సీఎఫ్‌సీల నుంచి వచ్చిన క్లోరిన్ మేలుకుంటుంది. సెప్టెంబరులో ఎండ రాగానే ఓజోనును తినడం మొదలుపెడుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో చుట్టుపక్కల గాలి వచ్చి కలిసి చిల్లు పూడుతుంది. మళ్ళీ ఏడు మళ్ళీ అదే కథ.

మన ఊళ్ళ మీద ఈ చిల్లు లేదు. దక్షిణ అమెరికా కొసన, చిలీ దేశంలో పుంటా అరెనాస్ అనే ఊరుంది. కొన్ని రోజుల్లో చిల్లు అంచు ఆ ఊరి మీదికి వస్తుంది. అప్పుడు ఎండలోకి పోయేవాళ్ళు ఒళ్ళు కప్పుకోవాలి.

1987లో కెనడాలోని మాంట్రియల్‌లో దేశాలు కూర్చుని ఈ వాయువులను తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి. మన దేశం 1992లో చేరింది. 2010 నాటికి మన ఫ్రిజ్జుల కోసం వాటి తయారీ ఆగింది. కానీ ఇదివరకు వదిలినవి గాలిలో యాభై, వంద ఏళ్ళు ఉంటాయి. అంటార్కిటికా మీద ఓజోను 1980 నాటిలా కావడానికి 2066 దాకా పడుతుందని శాస్త్రజ్ఞుల లెక్క.