ఉష్ణ ఎడారులు - శీతల ఎడారులు

నెల్లూరు జిల్లా మైపాడు తీరాన నిలిచి చూస్తే ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు ఇసుక నేలలు కనిపిస్తాయి. మండుటెండలో ఆ ఇసుకపై పాదం మోపినవారికి ఎడారి స్ఫురించడం సహజం. కాని అది ఎడారి కాదు. ఈ తీరపు ఇసుక నేలల్లో సరుగుడు తోటలు పెరుగుతాయి, వేరుశనగ పండుతుంది. ప్రధానంగా ఈశాన్య ఋతుపవనాల వల్ల ఈ జిల్లాకు ఏటా సగటున సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వర్షం లభిస్తుంది.

ఎడారిని నిర్ణయించేది ఇసుక కాదు, వేడిమి కాదు, నీటి లేమి. సాధారణంగా ఏడాదికి 250 మిల్లీమీటర్ల కంటె తక్కువ వర్షంగాని, మంచుగాని కురిసే ప్రాంతాన్ని ఎడారి అంటారు. ఇవి ముఖ్యంగా రెండు విధాలు.

సహారా, థార్ వంటివి ఉష్ణ ఎడారులు. అయనరేఖల ప్రాంతంలో పైనుండి కిందికి దిగే పొడిగాలి మేఘాలను ఏర్పడనీయదు. అందువల్ల పగలు ఎండ తీవ్రంగా ఉంటుంది. రాత్రి భూమిలోని వేడి త్వరగా ఆకాశంలోకి పోయి చలి వేస్తుంది. దసరానాడు మనం పూజించే జమ్మిచెట్టు థార్‌లో వేళ్లను లోతుకు పంపి జీవిస్తుంది.

లడఖ్, గోబీ వంటివి శీతల ఎడారులు. ఋతుపవనాలను హిమాలయాలు అడ్డగించడం వల్ల సుమారు 3,500 మీటర్ల ఎత్తున గల లేహ్‌లో ఏటా సుమారు వంద మిల్లీమీటర్ల వర్షపాతమే ఉంటుంది. అక్కడి నుబ్రా లోయలో రెండు మూపురాల ఒంటెలుంటాయి. థార్ ఒంటెకు మూపురం ఒక్కటే. ప్రపంచంలోని అతిపెద్ద ఎడారి మంచుతో కప్పబడిన అంటార్కిటికా. అక్కడి నీరు దాదాపు అంతా గడ్డకట్టి ఉండడం వల్ల మొక్కలకు అందదు.

సముద్రం చెంతనున్నంత మాత్రాన వాన కురుస్తుందని భావించరాదు. దక్షిణ అమెరికాలోని అటకామా, ఆఫ్రికాలోని నమీబ్ ఎడారులు సముద్రతీరాననే ఉన్నాయి. అక్కడి శీతల ప్రవాహాల మీది గాలి చల్లబడి పైకి లేవదు; పొగమంచు పడుతుందే తప్ప వాన కురవదు. నెల్లూరును ఆనుకొని ఉన్న బంగాళాఖాతం వెచ్చనిది. అదే మన భాగ్యం.

అయితే భాగ్యాన్ని నిలుపుకోవడం మన చేతిలో ఉంది. అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం అది ఎడారి కాదు. అయినను హగరి నది ఒడ్డున బొమ్మనహాళ్, కణేకల్ ప్రాంతాలలో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మేటలు వేసి పొలాలను ఆక్రమించింది. చెట్టు ఉన్నచోట ఇసుక కదలదు. చెట్టు పోయినచోట నిలువదు. నెల్లూరు తీరంలోని సరుగుడు తోటలు కలపను మాత్రమే గాక వాటి వెనుకనున్న పొలాలకు రక్షణను కూడ ఇస్తున్నాయి. ఇసుక కింద నిలిచే మంచినీటిని మితిమీరి తోడితే సముద్రపు ఉప్పునీరు ఆ చోటును ఆక్రమిస్తుంది.

ప్రకృతి సృష్టించిన ఎడారిని మనం మార్చలేకపోవచ్చు. మన నిర్లక్ష్యం సృష్టించే ఎడారిని మాత్రం తప్పక నివారించగలం.